చెక్క విడిచి చెక్క

తాడేపల్లిగూడెం బైపాస్ మీద కొత్తగా పెట్టిన ఏసీ హోటల్లో మా చిన్నమావయ్య భోజనాలు పెట్టారు. మనవరాలికి మెడిసిన్‌లో సీటొచ్చిందని సంతోషం. బంధువులందరం వెళ్ళాం. అరిటాకు ఆకారంలో ఉన్న పింగాణీ పళ్ళెంలో ఏవేవో వడ్డిస్తున్నారు, నేను తింటున్నాను. మధ్యలో తల ఎత్తి చూస్తే ఎదురుగా గోడ. ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా పాత చెక్కలు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి మీద వెలుగు పడేలా పైనుంచి చిన్నచిన్న లైట్లు వంచి పెట్టారు. మధ్యలో ఇత్తడి అక్షరాలతో ఒక బోర్డు: "మా తాతల నాటి గాదె".

ఎవరి తాతలండీ?

నోట్లో ముద్ద ఉండగానే ఆ మాట పైకి అనేశాను. మా ఆయన కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. నేను లేచి చెయ్యి కూడా కడుక్కోకుండా గోడ దగ్గరికి వెళ్ళాను. ప్రతి చెక్కకీ ఒక చివర ఉలితో కొట్టిన గాట్లు. ఒకదానికి మూడు, దాని పక్కదానికి ఎనిమిది, దాని కిందదానికి నాలుగు. ఒక చెక్క మీద దోమలచక్రం ఆనించి పెడితే కాలిన గుండ్రటి మచ్చ. ఆ మచ్చ ఎప్పుడు పడిందో నాకు తెలుసు, ఎవరి వల్ల పడిందో తెలుసు. చెక్కల మధ్య వేలు దూర్చడానికి కూడా సందు లేదు. అంత ఒద్దికగా ఒకదాని పక్కన ఒకటి చేరి కూర్చున్నాయి. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ గాదె మా అమ్మ పుట్టింటిది. అందులో సగం చెక్కలు మా పెద్దత్తయ్యవి, సగం చిన్నమావయ్యవి. ఆ రెండు సగాలూ మళ్ళీ ఒక చోట చేరాలని మా పెద్దత్తయ్య తన చివరి రోజు వరకూ చూసింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినప్పుడు ఏడ్చాను, ఊరుకున్నాను. ఆ గోడ చూశాక మాత్రం ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

పెద్దత్తయ్యది అత్తిలి. మా పెద్దమావయ్యని చేసుకుని కొల్లేరు అంచున ఉన్న మా అమ్మ వాళ్ళ ఊరొచ్చింది. పొట్టి మనిషి. పెరట్లోకి కరివేపాకు కోసం వెళ్తున్నా ఎవరి మీదికో పోట్లాటకు వెళ్తున్నట్టే ఉండేది ఆ నడక. ఆవిడకి కోపం రాని రోజంటూ నేను చూడలేదు. కానీ అది కేకల కోపం కాదు. ఆవిడకి కోపం పెరిగేకొద్దీ మాటలో మర్యాద పెరిగేది. ప్రేమగా ఉన్నప్పుడు నన్ను "ఒసే పిల్లా" అనేది. విసుగొస్తే "ఏమ్మా" అనేది. "ఏవండీ టీచరుగారూ" అని మొదలెట్టిందంటే నేను చేస్తున్న పని ఆపేసేదాన్ని. చేలో మోటారుకి కరెంటు రాకపోతే లైన్‌మేన్‌కి ఫోన్ చేసి, "నమస్కారమండీ, తవరు కులాసాగా ఉన్నారాండీ? ఇంట్లో ఫ్యాను తిరుగుతందాండీ? పిల్లలు సుఖంగా పడుకున్నారాండీ?" అని అడిగేది. అతను ఇక రెండో మాట వినకుండా మోటారుసైకిలెక్కి వచ్చేసేవాడు. తిడితే ఎదురు తిట్టొచ్చు, ఇంత మర్యాదకి ఏం చేస్తాడు పాపం.

ఇంకో అలవాటుండేది. ఎక్కడ కర్ర కనిపించినా వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి ఆనించేది. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు కొట్టేది, పిలవడానికి కాదు, వినడానికి. మా బడికి ఒకసారి వస్తే నా టేబుల్ కొట్టి పెదవి విరిచింది. మా చెల్లెలి పెళ్ళిమాటలకి ఏలూరులో పెళ్ళికొడుకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, అద్దంలా మెరుస్తున్న వాళ్ళ డైనింగ్ టేబుల్ కొట్టి, అందరూ వింటూ ఉండగా, "ఇందులో అంతా రంపపుపొట్టేనండీ" అంది. ఆ సంబంధం కుదరలేదు. అయినా ఆవిడకి పశ్చాత్తాపం లేదు. "ఉన్నదే చెప్పేనండీ, లేంది చెప్పేనా?" అని ఇంటికొచ్చేదాకా మా అమ్మతో వాదించింది.

ఆవిడకి కర్ర సంగతి తెలిసింది ఆ గాదె వల్లే. ఇంటి వెనక వసారాలో ఉండేది. ధాన్యం పోసుకునే గాదెలు ఇప్పటి పిల్లలు చూసి ఉండరు కాబట్టి చెప్తున్నాను. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు. స్తంభాలకి నిలువునా గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడిలోకి పైనుంచి చెక్కలు దించుతారు, ఒకదాని మీద ఒకటి. లోపల ధాన్యం పెరిగేకొద్దీ చెక్క వేస్తారు, వాడకంలో తరిగేకొద్దీ పైనుంచి చెక్క తీస్తారు. కింద చెక్కలు మందమైన టేకు. పైకి వెళ్ళేకొద్దీ సన్నం, వేప. ఏది దేని మీద కూర్చోవాలో తెలియడానికి వడ్రంగి చివర గాట్లు కొట్టాడు. అడుగు చెక్కకి ఒక గాటు, దాని మీద చెక్కకి రెండు, అలా. వరస తప్పిందంటే సందులు పడి గింజ కారిపోతుంది. కొత్త ధాన్యం వచ్చిన రోజు అడుగు చెక్కకి పసుపు రాసి బొట్టు పెట్టడం పెద్దకోడలి పని. ఆ పని ఆవిడ ఎంత గర్వంగా చేసేదో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పసుపు మోచేతుల దాకా ఉండేది.

అన్నదమ్ములు విడిపోయిన రోజు నేనక్కడే ఉన్నాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఊళ్ళో పెద్దమనుషులు వచ్చి చావట్లో కూర్చుని పొలం పంచారు, ఇల్లు పంచారు, ఇత్తడి గుండిగలు పంచారు. ఏ గొడవా లేదు. మా మావయ్యలిద్దరూ నెమ్మదస్తులు. చివరికి గాదె దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఎవరో ఒకరు తీసుకోండి, రెండోవాళ్ళు ఇంకేదైనా తీసుకోండి అంటే సరిపోయేది. అన్నగారు "తమ్ముడే తీసుకోనీండి" అన్నారు. తమ్ముడు "అన్నయ్యకే ఉంచండి" అన్నాడు. ఇద్దరూ మొహమాటస్తులే, ఇద్దరికీ కావాలి. అప్పుడు ఒక పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని, అన్యాయం ఎవరికీ జరక్కూడదన్నారు. కింద చెక్కలు ఒకరికి, పై చెక్కలు ఒకరికి ఇద్దామంటే కిందవి టేకు, పైవి వేప. అందుకని చెక్క విడిచి చెక్క పంచుదామన్నారు. ఒక గాటుది పెద్దవాడికి, రెండు గాట్లది చిన్నవాడికి, మూడు గాట్లది పెద్దవాడికి. స్తంభాలు పెద్దవాడికి, వాటికి బదులు పందిరిమంచం చిన్నవాడికి. అందరూ తలూపారు. ఎంత న్యాయమో చూడండి! గాదె మాత్రం లేకుండా పోయింది.

పెద్దత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతులకి పిండి ఉంది. మగవాళ్ళు కూర్చున్న చోటికి అలా రావడం ఆ ఇంట్లో అదే మొదలు.

"ఏవండీ పెద్దలూ, ఒక్క మాటండీ. మా పాడిగేదెని కూడా పంచాలండీ. ముందుభాగం ఎవరికండీ, వెనకభాగం ఎవరికండీ?"

"ఊరుకోమ్మా. న్యాయం న్యాయంలా ఉండాలి కదా" అన్నాడా పెద్దాయన.

"ఉండాలండీ. తవరింట్లో తలుపు రెక్కలు కూడా ఇలాగే పంచుకోండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దమావయ్య నేల చూపులు చూశారు. చిన్నమావయ్య కూడా నేల చూపులే. ఆ సాయంత్రం నిచ్చెన వేసి చెక్కలు ఒక్కొక్కటే గాడిలోంచి లాగి, ఒకటి ఇటు, ఒకటి అటు పేర్చారు. ఆ చప్పుడు విని పెద్దత్తయ్య అన్నం తినలేదు. ఎన్నేళ్ళయినా నాకు ఆ పెద్దమనుషుల మీద కోపం పోలేదు. వాళ్ళలో ఇప్పుడెవరూ లేరు, అయినా పోలేదు.

మా వైపు ఒక పట్టింపు ఉంది. పెద్దలు పంచి పెట్టాక అవతలి వాటాలో వస్తువు అడగకూడదు. అడిగితే పంపకం మోసమన్నట్టు, అన్నదమ్ముణ్ణి అనుమానించినట్టు. వాళ్ళంతట వాళ్ళు తెచ్చిస్తే మాత్రం కళ్ళకద్దుకుని పుచ్చుకోవచ్చు. ఈ పట్టింపు వల్ల మా ప్రాంతంలో ఎన్ని ఇళ్ళల్లో జత తప్పిన కడియాలు, మూతలేని గంగాళాలు, ఒక్క చక్రం బండ్లు పడి ఉన్నాయో నాకు తెలుసు. పెద్దత్తయ్య ఎంత కోపిష్టయినా ఈ పట్టింపు దాటలేదు. అడగలేదు. అడగకుండా అడిగే పద్ధతి ఒకటి కనిపెట్టింది.

చేల గట్టున వేసుకునే షెడ్డుని మా వైపు మకాం అంటారు. పెద్దమావయ్య పోయాక ఆవిడే వ్యవసాయం చూసుకునేది. రోడ్డు పక్క చేలో కొత్త మకాం వేయించింది. పైన సిమెంటు రేకులు. నాలుగు మూలలా ఆ గాదె స్తంభాలే పాతించింది. గోడలకి తన వాటా చెక్కలు. అయితే వాటిని ఒకదాని మీద ఒకటి దించలేదు. ఒక గాటు చెక్క దించి, దాని మీద గాడిలో చెక్కముక్కలు నిలబెట్టించింది, సరిగ్గా రెండు గాట్ల చెక్క ఎంత వెడల్పు ఉంటుందో అంత ఎత్తున. దాని మీద మూడు గాట్ల చెక్క. మళ్ళీ ఖాళీ. మళ్ళీ చెక్క. నాలుగు గోడలూ అంతే. లోపల మనిషి మంచమ్మీద కూర్చుంటే తల, మోకాళ్ళు కనిపించేవి, నడుము కనిపించేది కాదు.

ఊరంతా నవ్వింది. "అదేం గోడండీ, గొడ్ల దొడ్డిలాగ?" అని అడిగినవాళ్ళకి, "మా మరిదిగారి చెక్కలండీ అక్కడ. ఇంకా రాలేదండీ" అని చెప్పేది. తిరణాలకి వెళ్ళిన మనిషి ఇంకా రాలేదన్నట్టు చెప్పేది.

చిన్నమావయ్య రోజూ పొద్దున్నే తన చేపల చెరువు దగ్గరికి ఆ రోడ్డు మీదే వెళ్ళాలి. వేరే దారి లేదు. మకాం దగ్గరికి రాగానే మోటారుసైకిలు హారన్ కొట్టేవారు, పలకరింపుగా. తల మాత్రం అటువైపున్న చెరువుల మీదికి తిప్పుకునేవారు. ఆ చెరువుల్లో ఆయన చూడనిదేముంది? ఆ హారన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు చిరాకే.

ఒక వర్షాకాలం నేను ఏలూరు నుంచి ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళి ఆ మకాంలో కూర్చున్నాను. కొల్లేరు మీంచి వచ్చే వాన నిలువుగా కురవదు, అడ్డంగా కొడుతుంది. ఆ ఖాళీల్లోంచి జల్లు లోపలికొచ్చి ఎరువుల బస్తాలు, ధాన్యం ఎండబోసే పరదాలు, మందు కొట్టే పంపు అన్నీ తడుస్తున్నాయి. ఆవిడ గోనెపట్టాలు కట్టింది ఖాళీలకి అడ్డంగా. కాస్త నయంగానే ఉంది. పక్కన దోమలచక్రం వెలిగించి చెక్కకి ఆనించింది. ఇద్దరం టీ తాగుతున్నాం. ఇంతలో దూరంగా బండి చప్పుడైంది. పెద్దత్తయ్య గబుక్కున గ్లాసు కింద పెట్టి, గోనెపట్టాలు ఒక్కొక్కటే పైకి చుట్టేసింది. వాన మా ఇద్దరి మీదా దభీమని పడింది. నా టీలో కూడా పడింది.

"ఏంటత్తయ్యా ఇది!" అన్నాను.

"మరిదిగారు వస్తన్నారే పిల్లా. చూడాలి కదా" అంది.

హారన్ మోగింది. బండి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ పట్టాలు దించి, తడిసిన చెంగు పిండుకుని, ఏమీ జరగనట్టు కూర్చుంది. కంగారులో దోమలచక్రం ఒరిగిపోయి చెక్క కాలింది. ఆవిడ ఆ కాలిన చోట వేలు పెట్టి, తుడిచి, ఊదింది. చంటిపిల్లకి దెబ్బ తగిలితే ఊదినట్టు.

నాకు కోపం ఆగలేదు. "రెండు రేకుముక్కలు కొట్టించి మూసెయ్యి. రోజూ ఇలా తడిస్తే ఏమవుతావు?" అన్నాను.

"ఏవండీ టీచరుగారూ" అంది. నేను గ్లాసు కింద పెట్టేశాను. "మూసేస్తే నాకేం కావాలో ఆయనకి ఎలా తెలుస్తదండీ? రేకు కొట్టేస్తే, ఓహో, వదినకి ఇంక అక్కర్లేదు అనుకోరాండీ?"

"గాదె తిరిగొస్తే మాత్రం ఏం పోస్తావు అందులో? కోత మిషనొస్తుంది, లారీ ఎక్కించేస్తారు. ధాన్యం ఇంటికొచ్చే రోజులా ఇవి?"

అప్పుడు ఆవిడ మొహం చూడాలి. "అదేనే నా బాధ. కోసిన సాయంత్రానికి చేలో గింజ ఉండదు. మనం తినే బియ్యం బస్తా కొట్లో కొనుక్కుంటన్నాం. చుట్టూరా అందరూ చెరువులు తవ్వేశారు, వాళ్ళంటే సరే. నేనింకా వరి ఊడుస్తన్నాను కదా? ఒక్క పంట, ఒకే ఒక్క పంట, ఆ గాదెలో పోసుకుని, ఏడాదంతా పైనుంచి చెక్క తీసుకుంటా తినాలే పిల్లా. అడుగు చెక్కకి పసుపు రాసి చచ్చిపోతాను."

అంతే ఆవిడకి కావలసింది. ఊళ్ళో వాళ్ళు పిసినారితనమన్నారు, పంతమన్నారు, మతిపోయిందన్నారు. ఒక్క పంట పోసుకోవడానికి ఒక గాదె కావాలని ఒక రైతు అనుకుంటే అది మతి పోవడమా?

నేను ఊరుకోలేక తిన్నగా చిన్నమావయ్య చెరువు దగ్గరికి వెళ్ళాను. ఆయన మేత షెడ్డులో ఉన్నారు. లోపల తవుడు వాసన, చెక్క వాసన, మేత బస్తాలు ఇంతెత్తున. బస్తాలకి చెమ్మ ఎక్కకుండా కింద పరిచిన బల్లలేమిటో వంగి చూశాను. గాట్లు కనిపించాయి. నాలుగు గాట్లది, ఆరు గాట్లది. వాటి మీద తవుడు పేరుకుపోయి బూజు పట్టింది. ధాన్యం మోసిన చెక్కలండీ అవి! వాటి మీద చేపల మేత.

"మావయ్యా, అత్తయ్యకి ఈ చెక్కలు ఇచ్చెయ్యొచ్చు కదా మీరు? బస్తాల కింద ఇటుకలు పెట్టుకోండి" అన్నాను.

"నేనెందుకివ్వనే? అడగమను. తక్షణం ఇస్తాను. వదిన నోరు తెరిచి ఒక్క మాట అంటే బండి కట్టించి పంపిస్తాను."

"అడగదు. మీకు తెలుసు."

"మరి నేను అడక్కుండా పట్టుకెళ్తే ఏమంటారు? తప్పు చేసినవాడు తెచ్చి పడేశాడంటారు. నేనేం తప్పు చేశాను చెప్పు, పెద్దలు ఇచ్చింది తీసుకున్నాను" అన్నారు. గొంతులో ఏ కోపమూ లేదు. నాకదే ఎక్కువ కోపం తెప్పించింది. పోట్లాడుకున్న అన్నదమ్ములు కలుస్తారు, చూశాను. పోట్లాట లేకుండా విడిపోయిన వాళ్ళని కలపడం ఎవరి తరం?

తిరిగొచ్చి ఆవిడకి చెప్పాను. "అడగమంటున్నారు" అన్నాను. ఆవిడ పక్కనున్న చెక్కని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నది. "గట్టిగానే ఉంది. ఆగగలదు" అంది.

చెక్క ఆగింది. ఆవిడ ఆగలేదు. పోయిన ఏడాది నాట్లు అయ్యాక, జ్వరమని మంచమెక్కి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగానే వెళ్ళిపోయింది. చిన్నమావయ్య దినకార్యాలన్నీ దగ్గరుండి చూసుకున్నారు. కొడుకులా చేశారని అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు.

ఆవిడ కొడుకు, మా బావ, తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు నడుపుతాడు. ఆ పంట ఏదో కోయించి, చేను చెరువుకి లీజుకిచ్చేశాడు. పాత ఇళ్ళ తలుపులూ స్తంభాలూ కొనే మనిషి ఎవరో ఊళ్ళోకొస్తే, మకాం గోడల చెక్కలు లాగి ఇచ్చేశాడు. అదే మనిషి చిన్నమావయ్య కొడుకు దగ్గరికీ వెళ్ళాడు. అతను మేత బస్తాల కిందికి ప్లాస్టిక్ బల్లలు కొనుక్కుని, పాతవి ఇచ్చేశాడు. ఇచ్చేస్తాను నాన్నా అంటే మావయ్య "ఊ" అన్నారట. మొత్తానికి పెద్దమనుషులు విడదీసినవాటిని ఒక బేరగాడు ఒక్కరోజులో కలిపేశాడు. ఎవరూ ఎవర్నీ అడగాల్సిన పనిలేకపోయింది!

హోటల్లో ఆ గోడ ముందు నిలబడి నేను మేనేజరుని పిలిచాను. పాపం, టై కట్టుకున్న కుర్రాడు.

"ఏవండీ మేనేజరుగారూ, తవరి తాతగారిది ఏ ఊరండీ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దత్తయ్య గొంతులా వినిపించింది.

"విజయవాడ మేడం. ఎందుకు మేడం?"

"వ్యవసాయం చేసేవారాండీ?"

"లేదు మేడం, రైల్వే." బోర్డు వైపు చూసేసరికి అర్థమైంది అతనికి. "అది కాన్సెప్ట్ మేడం. కస్టమర్లు ఫోటోలు తీసుకుంటారని."

"అడుగున ఉండాల్సింది పైన పెట్టారండీ. మూడు పక్కన ఎనిమిది పెట్టారు. సగం తలకిందులుగా ఉన్నాయి."

"వరస ఎవరు చూస్తారు మేడం" అన్నాడు, చాలా మర్యాదగా.

మా బావ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోవే, అందరూ చూస్తున్నారు. మకాంలో ఉంటే చెదలు తినేసేవి. ఇక్కడ పదిమంది చూస్తున్నారు కదా, అమ్మ ఉంటే సంతోషించేది."

"సంతోషించేదా? మీ అమ్మ ఆ బోర్డు కింద నిలబడి మీ అందరికీ ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టేది. తట్టుకునేవాడివా?" అన్నాను. వాడు చెయ్యి వదిలేశాడు.

చిన్నమావయ్య గోడకి వీపు పెట్టి పెద్ద కుర్చీలో కూర్చున్నారు. అంతసేపూ ఆయన వెనక్కి చూడలేదు. నేను వెళ్ళి, "మావయ్యా, ఒకసారి తిరిగి చూడండి" అన్నాను. లేచారు. కళ్ళజోడు సర్దుకున్నారు. మొదట అర్థం కాలేదనుకుంటాను. తర్వాత ఒక చెక్క చివర చెయ్యి వేసి గాట్లు తడుముకున్నారు. "ఇది వదినది" అన్నారు. పక్కదాని మీద వేలు పెట్టారు. "ఇది నాది." దాని కిందది. "ఇదీ నాదే. ఇది వదినది." అలా గోడ పొడుగునా నడిచారు. ఒక గాటు చెక్క ఎక్కడా కనిపించలేదు. చివరికి పైకప్పు దగ్గర, ఏసీ పక్కన ఉంది. పసుపు మరకలన్నీ గీకేసి పాలిష్ పట్టించారు. మావయ్య మెడ ఎత్తి దాన్ని చాలాసేపు చూశారు.

"అది కింద ఉండాలి" అన్నారు. స్వీటు ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఒకసారి కారు తీసుకుని ఊరు రాగలవా? మకాం దాకా వెళ్ళాలి" అన్నారు. ఎందుకని అడిగేలోగా ఫోన్ పెట్టేశారు.

నేను వెళ్ళేసరికి అరుగు మీద తయారుగా ఉన్నారు. ఆ అరుగు మీద రెండు ఇటుక దిమ్మెల మీద ఒక చెక్క వేసుకుని సాయంత్రాలు కూర్చుంటారు ఆయన. అది మాత్రం కొడుకుని తియ్యనివ్వలేదు. ఆ చెక్కని దిమ్మెల మీంచి దించి గోడకి నిలబెట్టి ఉంచారు. శుభ్రంగా కడిగారు, ఇంకా తడి ఉంది. చివర రెండు గాట్లు. వెనక సీట్లు మడిచి దాన్ని కార్లో పెట్టాం.

మకాంలో ఇంకేం మిగల్లేదు. పైన రేకులు, కింద నాలుగు స్తంభాలు. రేకులు నిలబడాలి కాబట్టి స్తంభాలు వదిలేశారు. మంచం లేదు, బస్తాలు లేవు. చేలో ఈ ఏడు నాట్లు లేవు, పాత మోళ్ళ మధ్య గడ్డి పెరిగిపోయింది. గట్టు పొడుగునా చెరువు తవ్వకానికి పాతిన జెండాలున్నాయి. ఎండాకాలం రాగానే పొక్లెయిన్ వస్తుంది. అప్పుడు ఈ స్తంభాలు కూడా ఉండవు. ఆ సంగతి మావయ్యకి తెలుసు. వాటంగా ఆ చెక్క ఒక చివర పట్టుకుని, "ఆ చివర పట్టుకోవే" అన్నారు.

పట్టుకున్నాను. కోపంతోనే పట్టుకున్నాను. రోడ్డు వైపు స్తంభాల దగ్గరికి తీసుకెళ్ళి, ఇద్దరం తల పైకెత్తి, గాడి నోట్లో చెక్క చివరలు పెట్టాం. వదిలాం. ఎక్కడా పట్టకుండా, ఎక్కడా ఆగకుండా గాడిలో జారి నేల మీద దబ్బుమని కూర్చుంది. సుత్తి దెబ్బ అవసరం లేదు, సందు లేదు. దాని కింద ఉండాల్సిన అత్తయ్య చెక్క లేదు కాబట్టి ఆ చోట్లో ఇది కూర్చుంది.

మావయ్య వంగి దాని మీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత తల ఎత్తి నా వైపు చూశారు. ఏదో ఒక మంచి మాట అంటానని చూశారు. ఎనభయ్యో పడిలో పడుతున్న మనిషి, ఆయాసపడుతున్నారు. అనాల్సింది. అనలేకపోయాను.

"ఇప్పుడా మావయ్యా?" అన్నాను.

ఆయన చెయ్యి తీసి లేచారు. అత్తయ్య మంచం ఉండే చోట నిలబడి, బయటికి చూశారు. రోడ్డు అక్కణ్ణించి చాలా దగ్గర. వెళ్ళేవాళ్ళ మొహాలు, అవి ఎటు తిరిగి ఉన్నాయో కూడా, స్పష్టంగా కనిపిస్తాయి.